చెలమ నీరు, దర్భ పరక

వైశాఖ శుద్ధ అష్టమి

ఈ రోజు నీటి పడవ వచ్చింది. గంట వినగానే బిందెలు తీసుకుని రేవుకు వెళ్ళాం. పడవలో ఎప్పటిలాగే మనిషి లేడు. అరచెయ్యి చూపిస్తే గొట్టం తెరుచుకుంటుంది, మన వంతు కాగానే మూసుకుంటుంది. ఈసారి నా రెండో బిందె సగం కాకుండానే మూసుకుంది. గొట్టం చెడిందేమో అనుకుంటుండగా పడవే పలికింది. ఎగువ జలాశయం అడుగంటిందట. వానలు పడేదాకా అరచేతికి సగం వంతే.

హైమ నా పక్కనే నిలబడి ఉంది. మా తమ్ముడి కూతురు, ఇప్పుడు ఏడో నెల. తల్లి లేని పిల్ల కాబట్టి పురిటికి నా దగ్గరికి వచ్చింది. భర్త మురారి సముద్రపు గోడ కట్టే ఓడ మీద పనిచేస్తాడు, కాన్పు నాటికి గానీ సెలవు దొరకదు.

"కడుపులో వాడికి వంతు లేదా అత్తా?" అంది.

"వాడి అరచెయ్యి చూపించు, ఇస్తుంది," అన్నారు మా ఆయన.

వరసలో అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది.

మధ్యాహ్నం సిస్టర్ ఎస్తేరు వచ్చింది. అష్టమికి పోటు నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఆమె పడవ ఆ రోజుల్లోనే మా ఉలవదిబ్బకు వస్తుంది. హైమ కాలి మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు. రక్తపోటు చూసి, పట్టీ సర్ది మళ్ళీ చూసింది.

"ఏం నీళ్ళు తాగుతోంది?" అని అడిగింది.

"తాగడానికి పడవ నీళ్ళే సిస్టరమ్మా. చాలనప్పుడు చెలమ నీళ్ళు కలుపుతాం. వంట మాత్రం చెలమవాటితోనే."

"ఆ ఉప్పే ఈ పిల్ల కాళ్ళలోకి దిగుతోంది. వచ్చే నెల ఇదే అష్టమికి రక్తపోటు తగ్గకపోతే మెట్టకు పంపించేస్తాను భ్రమరాంబగారూ. అక్కడి కాన్పుల ఆసుపత్రికి పంపే పడవ ఒక్క మనిషినే ఎక్కించుకుంటుంది. మీరెవరూ వెళ్ళడానికి వీల్లేదు."

హైమ ముఖం తెల్లబోయింది. రెండో కాన్పుకు వాళ్ళమ్మ అలాగే ఒంటరిగా ఆ పడవ ఎక్కింది. తిరిగి రాలేదు. అప్పుడు హైమకు నాలుగేళ్ళు. రేవులో నా కొంగు పట్టుకుని నిలబడింది.

రోజూ ఏ నీళ్ళు తాగిందో రాసిపెట్టమని సిస్టరమ్మ చెప్పి వెళ్ళింది. అందుకే ఈ రాత. కాళ్ళు ఉబ్బి మెట్టెలు బిగిస్తున్నాయని హైమ వాటిని తీసి నా చేతిలో పెట్టింది. ముత్తైదువ కాళ్ళు బోసిగా ఉండడం నాకు నచ్చలేదు. గుడ్డలో కట్టి స్వామి పటం ముందు పెట్టాను.


వైశాఖ శుద్ధ దశమి

తుపాను షెల్టర్‌కు వెళ్ళి మాట పెట్టె దగ్గర వరసలో నిలబడ్డాను. పాత పెట్టె అది. ఎండ పలక మీద దుమ్ము తుడిస్తే గానీ నోరు విప్పదు. మా అమ్మమ్మ కాలం నాటి రేడియో వార్తల తెలుగు మాట్లాడుతుంది. పిల్లలు దాని ఎదుట నవ్వు ఆపుకోలేరు. పంచాంగం అచ్చువేసేవాళ్ళు మెట్టకు వెళ్ళిపోయాక మాకు సిద్ధాంతి కూడా అదే. ప్రతి ఉగాదికీ వెళ్ళి ఏడాది తిథులన్నీ చెప్పించుకుని రాసుకుంటాను.

"అమ్మా, మీ ప్రశ్న సెలవివ్వండి," అంది.

"చెలమ నీళ్ళలో ఉప్పు తీసే ఉపాయం ఉందా బాబూ?"

ఉందని చెప్పింది. పూర్వం టౌన్లలో ప్రతి వంటింట్లోనూ గోడకు ఉండేదట ఆ పరికరం. ఆర్ఓ అనేవారట. అది చెప్పినదంతా ఇంటికి వచ్చి నాకు అర్థమైనట్టు రాసుకుంటున్నాను. గట్టిగా చుట్టిన పొర ఒకటి ఉంటుంది. నీళ్ళను బలంగా నెడితే అందులోంచి నీరు దాటుతుంది, ఉప్పు దాటలేదు. దాటలేని ఉప్పు మిగిలిన నీళ్ళతో కలిసి వేరే గొట్టంలోంచి బయటికి పోవాలి. ఆ గొట్టం పూర్తిగా మూస్తే ఉప్పంతా పొరకే పేరుకుంటుంది. పూర్తిగా తెరిస్తే నెట్టుడు ఉండదు. వాల్వు సగం బిగించి ఉంచాలి. పొరకు ముందు బురద ఆపడానికి నూలు, వాసన పట్టుకోవడానికి బొగ్గు.

"సముద్రం నీళ్ళే పొయ్యొచ్చా?" అని నా వెనక నిలబడ్డ నాంచారయ్య బాబాయ్ అడిగాడు. ఆయనకు చేపల వేట, దానితోపాటు అందరికీ తెలిసిన రహస్య వ్యాపారం ఇంకొకటి ఉంది.

"అయ్యా, తమరి వంతు ఇంకా రాలేదు," అంది పెట్టె. వచ్చాక చెప్పింది, ఇంటి పంపుకు ఆ బలం చాలదని.


వైశాఖ శుద్ధ త్రయోదశి

మా ఆయన రేవు పడవ నడుపుతారు. మునిగిన టౌను మీదుగానే ఆయన దారి. అక్కడ పెద్ద భవంతుల పై అంతస్తులు ఇప్పటికీ నీటిపైనే ఉన్నాయి. పనికొచ్చేది ఎవరైనా తెచ్చుకోవచ్చు. రెండు రోజులుగా తిరిగి తిరిగి ఇవాళ సంచి నిండా తెచ్చారు. చిన్న పంపు, నీళ్ళ బలం చూపించే మీటరు, వాల్వు, సన్న గొట్టాలు, పొరను పెట్టే మూత ఉన్న డబ్బా.

"పొర దొరికిందా?"

"తలుపు తీస్తే గోడ మీద వినాయకుడి స్టిక్కరు, దాని కింద అలమారాలో ఇది," అన్నారు. సంచి విప్పని పొర. లోపల ఇంకా చెమ్మగా మెరుస్తోంది. "ఒకటే ఉంది. ఆ వీధంతా వెతికాను. జాగ్రత్త."

దాన్ని కళ్ళకద్దుకుని పటం ముందు మెట్టెల పక్కన పెట్టాను.

నూలు ఫిల్టరు నేనే చేశాను. చిల్లులు పెట్టిన గొట్టానికి నూలు దారం అడ్డంగా, నిలువుగా బిగించి చుట్టాను. దారం చుడుతున్నంతసేపూ లలిత చదువుకున్నాను, చెయ్యి సమంగా నడుస్తుంది. కొబ్బరిచిప్పలు కాల్చి, దంచి, నీళ్ళలో నలుపు దిగడం మానేదాకా కడిగింది హైమ. ఆమె ముక్కు మీద మసి అంటుకుంది. చూడముచ్చటగా ఉందని ఆ సంగతి చెప్పలేదు.


వైశాఖ పౌర్ణమి

మంచి రోజని ఈ రోజు మొదలుపెట్టాను. అదే పొరపాటయింది.

సరుగుడు తోట వెనక చెలమలో ఊరిన నీళ్ళు తోడి, వడగట్టి, డ్రమ్ములో పోశాను. ఎండ పలకకు తీగ తగిలించగానే పంపు పలికింది. మీటరు ముల్లు పైకి లేచింది. ఉప్పు గొట్టంలోంచి ధార, మంచినీటి గొట్టంలోంచి చుక్కలు. హైమ గ్లాసు పట్టింది. నాలుక మీద వేసుకుని చూశాం.

"కొంచెం ఉప్పగానే ఉంది అత్తా," అంది నా ముఖం చూస్తూ.

షెల్టర్ నుంచి అరువు తెచ్చిన, ఉప్పు కొలిచే పెన్ను ముంచితే నిజమేనని చూపించింది. డ్రమ్ములో ముంచితే అంకె మొన్నటికి దాదాపు రెట్టింపు. చెలమ నీళ్ళే మారిపోయాయి.

నాంచారయ్య బాబాయ్ వల భుజాన వేసుకుని అటే పోతూ ఆగాడు. "పున్నమికి పోటెక్కువమ్మాయ్. సముద్రం ఇసక కింద నుంచి నీ చెలమలోకీ వచ్చుద్ది. అష్టమికి తోడుకో, తియ్యగుంటది. ఇన్ని తిథులు రాస్తావు, ఇది రాసుకోలేదా?"

"ఉపవాసాలకు రాసుకుంటాను బాబాయ్, ఉప్పుకు రాసుకోలేదు."

"ఇక నుంచి రెండిటికీ రాసుకో."


వైశాఖ బహుళ అష్టమి

నిన్నా ఇవాళా తెల్లవారుజామున సముద్రం వెనక్కి తీసిన వేళ చూసి తోడాను. పెన్నులో అంకె బాగా దిగింది. రెండు డ్రమ్ములు నింపి మూత పెట్టాను.

పంపు ఆన్ చేసి విష్ణు సహస్రం మొదలుపెట్టాను. పూర్తయ్యేసరికి చెంబు నిండింది. పెన్ను ముంచాను. పడవ నీళ్ళకంటే తక్కువ అంకె. ఆ చెంబుతో పటం ముందున్న స్వామి విగ్రహానికి అభిషేకం చేశాను. మా ఇంట్లో స్వామికి ఉప్పు లేని నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో. ఆ అభిషేకం నీళ్ళు పెరట్లో పగిలిన కుండలో ఉన్న దర్భ మొదట్లో పోశాను. ఈ చవిటి గాలికి దర్భ బతకదు, నాది మూడు పచ్చి పరకలతో ఎలాగో నిలిచి ఉంది.

రెండో చెంబు హైమకు. గటగటా తాగి, ఖాళీ చెంబులోకి చూసింది.

"ఎలా ఉంది?"

"రుచే లేదు అత్తా," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీళ్ళకు రుచి లేకపోతే ఇంత బాగుంటుందా?"

ఉప్పు గొట్టంలో నీళ్ళు అంట్లకు, కాళ్ళు కడుక్కోవడానికి వాడుతున్నాం. ఏదీ పోనివ్వడం లేదు.

సాయంత్రం సిస్టర్ ఎస్తేరు వచ్చి చూసింది. రక్తపోటు దిగలేదు. "ఇవాళే మొదలుపెట్టారుగా. తాగించండి. పదిహేను రోజులు చూద్దాం," అంది. యంత్రం ముందు కాసేపు నిలబడి, "ఆ బొట్టెందుకు?" అని అడిగింది. పంపుకు పసుపు రాసి కుంకుమ పెట్టాను మరి, ఏ పనిముట్టుకైనా పెడతాం కదా. నవ్వి వెళ్ళిపోయింది.


వైశాఖ బహుళ ద్వాదశి

కాలి మీద నొక్కితే గుంట త్వరగా పూడుతోంది. హైమ ఇవాళ తనంతట తాను వంగి ముగ్గు వేసింది. వద్దంటే వినలేదు. వంటకూ మంచినీళ్ళే వాడుతున్నాను. చవిటి బియ్యం కూడా మెత్తగా ఉడుకుతోంది, పప్పు త్వరగా కరుగుతోంది.

ఇరుగుపొరుగు వచ్చి యంత్రం చూసి పోతున్నారు. వచ్చిన ప్రతివారికీ గ్లాసు నీళ్ళు ఇస్తున్నాను. మా ఆయన అంటారు, "కాఫీ ఇచ్చినప్పుడు కూడా ఇంత మెచ్చుకోలేదే నిన్ను."

తిథుల కాగితం చూసుకున్నాను. అమావాస్య నాడు సూర్యగ్రహణం ఉంది. పగలే, మా దిబ్బకు బాగా కనిపిస్తుంది.


వైశాఖ అమావాస్య

గ్రహణం పద్ధతిగా గడిచింది.

పొద్దున్నే వంట ముగించి మిగులు లేకుండా చూసుకున్నాను. హైమను లోపలి గదిలో కూర్చోబెట్టి కిటికీలకు దుప్పట్లు కట్టాను. కడుపుతో ఉన్నవాళ్ళకు ఉపవాసం లేదు కాబట్టి ఆమె తాగే బిందెలో ఒక దర్భ పరక వేశాను. ఊరగాయ జాడీలో ఒకటి, దేవుడి చెంబులో ఒకటి. మూడూ అయిపోయాయి. దర్భ వేసినదానికి గ్రహణ దోషం ఉండదు. మిగిలిన నీళ్ళన్నీ పారబోయాలి.

పట్టు మొదలయ్యేసరికి వెలుగు పలచబడింది. పంపు దానంతట అదే మూలిగి ఆగింది. సూర్యుడికే పట్టినప్పుడు ఎండ పలకకు పట్టదా అనుకున్నాను. కూర్చుని జపం చేసుకున్నాను. సరుగుడు చెట్లలో కాకులు కూడా మాట్లాడలేదు.

విడిచాక అందరం తలస్నానాలు చేశాం. డ్రమ్ములు ఒంపేశాను. అప్పుడు యంత్రం గుర్తొచ్చింది. గొట్టాల్లో, డబ్బాలో ఉన్నవి గ్రహణపు నీళ్ళే కదా. ఆ మైలతో హైమకు తాగడానికి ఎలా ఇవ్వడం? మూత విప్పి అన్నీ ఒంపాను. నూలు కడిగాను. పొర తీసి శుభ్రంగా కడిగి, ఊరగాయ జాడీలు ఆరబెట్టినట్టే, తెల్లని గుడ్డ పరిచి ఎండలో పెట్టాను. వైశాఖపు ఎండ, గ్రహణం విడిచిన సూర్యుడు. సాయంత్రానికి అది కొత్త వడియంలా గలగలలాడింది. పవిత్రమైపోయిందని సంతోషంగా తీసి లోపల పెట్టాను.

హైమ తాగడానికి బిందె నిండా మంచినీళ్ళున్నాయి. మూడు రోజులకు సరిపోతాయి. డ్రమ్ములోకి ఊళ్ళోవాళ్ళ దగ్గర అష్టమి నాటి నీళ్ళు నిలవ ఉన్నవి అడిగి తెచ్చుకుంటాం. వాటికీ గ్రహణం పట్టిందే గానీ, పవిత్రమైన పొర దాటాక ఆ దోషం ఉండదు.


జ్యేష్ఠ శుద్ధ పాడ్యమి

యంత్రం నడవడం లేదు.

పంపు బాగానే ఉంది. మీటరు ముల్లు ఎప్పటికంటే పైకి పోయింది. ఉప్పు గొట్టంలోంచి ధార వస్తోంది. మంచినీటి గొట్టంలోంచి మాత్రం తడి తప్ప చుక్క లేదు. విష్ణు సహస్రం పూర్తిచేశాను, చెంబు అడుగు కూడా తడవలేదు. వాల్వు తిప్పి చూశాం, నూలు మార్చాం, బొగ్గు మార్చాం.

"మీరేమైనా బిగించారా?" అని మా ఆయనను అడిగాను.

"నేను దాన్ని ముట్టుకుంటే నువ్వు ఊరుకుంటావా అంబా?"

హైమ బిందెలో ఎన్ని నీళ్ళున్నాయో చూసి మూత పెట్టింది. మధ్యాహ్నం గ్లాసు నిండా పోస్తే సగం తాగి, చాలంది. దాచుకుంటోంది. ఏడు రోజుల్లో అష్టమి.


జ్యేష్ఠ శుద్ధ విదియ

షెల్టర్‌లో ఇవాళ పెద్ద వరస. నా ముందు మేక ఈనలేదని ఒకరు, వెనక మోకాళ్ళ నొప్పులతో నాంచారయ్య బాబాయ్.

జరిగింది చెప్పాను. పెట్టె అడిగింది, "అమ్మా, పొర ఎప్పుడైనా తడి ఆరినదా?"

"ఆరింది బాబూ. నేనే ఆరబెట్టాను."

"కారణం సెలవివ్వగలరా?"

"గ్రహణం పట్టింది కదా."

పెట్టె కాసేపు మాట్లాడలేదు. ఎండ తగ్గిందేమోనని ఎవరో వెళ్ళి పలక తుడిచారు.

"గ్రహణమునకును పొరకును సంబంధము ఉన్నట్లు నా వద్ద సమాచారము లేదు."

"గ్రహణం వేళలు చెప్పింది నువ్వే కదా నాయనా," అన్నాను. నేను గొంతు పెంచలేదు గానీ వరసంతా విన్నట్టుంది.

"వేళలు సరియైనవే. ఒకసారి తడిసిన పొరను ఆరనివ్వకూడదు. ఆరినచో అందలి సూక్ష్మ రంధ్రములలో గాలి చేరి నీటిని రానివ్వదు."

ఆ వీధంతా వెతికితే దొరికిన ఒకే ఒక్క పొర. నా చేతులతో నేనే ఎండబెట్టాను. సంప్రదాయం తప్పలేదు, శుభ్రం తప్పలేదు, ఆ పిల్లకు నీళ్ళు తప్పించాను.

"ఇక పనికి రాదా?" అన్నాను.

"ఒక ప్రయత్నము కలదు. ఘాటైన సారాయి రెండు పాళ్ళు, నీరు ఒక పాలు కలిపి, పొరను అందులో నానబెట్టవలెను. సారాయి ఆ రంధ్రములలోనికి సులభముగా చొచ్చును. పిమ్మట ఆరనివ్వక మంచినీటితో బాగుగా కడిగి బిగించవలెను. తప్పక బాగగునని చెప్పజాలను."

యాభై ఏళ్ళుగా నా ముందు ఎవరూ సారా మాట ఎత్తేవారు కారు. తల దించుకుని వెనక్కి తిరిగేసరికి నాంచారయ్య బాబాయ్ ముఖం వెలిగిపోతోంది. మోకాళ్ళ నొప్పి ఎక్కడికి పోయిందో.

"అమ్మాయ్," అన్నాడు, చెవిలో చెబుతున్నట్టు, అందరికీ వినబడేలా, "ఎన్నేళ్ళ నుంచో నన్ను మానమని చెప్తన్నావు. మానుంటే ఇయ్యాల నీకెవరిచ్చేవోళ్ళు?"


అదే రోజు సాయంత్రం

సీసా తానే తెచ్చాడు, తాటాకు బుట్టలో, పైన రెండు చేపలు కప్పి. మా ఇంట్లో చేపలు వండరని ఆయనకు తెలుసు. దారిలో ఎవరైనా చూస్తే నాకు చిన్నతనమని అలా కప్పాడట. చేపలు వెనక్కి తీసుకుపోయాడు.

"మొదటి ధారమ్మా. పుల్ల గీస్తే నీలంగా మండుద్ది. ఎవరికీ అమ్మను దీన్ని, పండక్కి దాచుకుంటా."

గిన్నెలో పోసి పొర ముంచాను. వాసనకు హైమ ముక్కు మూసుకుని నవ్వింది. నేను అవతల గదిలో కూర్చుని విష్ణు సహస్రం చదివాను. పంపుకైనా, దీనికైనా నాకు తెలిసిన గడియారం అదే.

"మీ అత్త దేవుణ్ణి ఇరుకులో పెట్టిందే హైమా. ఆయన ఇటు వినాలా, అటు వాసన చూడాలా?" అంటున్నారు మా ఆయన వంటింట్లో.

పొర తీసి బిందెలో నీళ్ళతోనే కడిగాను. హైమ దాచుకున్న నీళ్ళు. అవే మిగిలాయి, మరో దారి లేదు. తనే పోయమంది. సగం బిందె అలా పోయింది. తడి ఆరకుండా డబ్బాలో బిగించి, నీళ్ళు నింపి మూత పెట్టాం. ఎండ పోయింది. రేపే.


జ్యేష్ఠ శుద్ధ తదియ

పొద్దున్న పలక మీద ఎండ పడగానే తీగ తగిలించాను. చేతులు జోడించాను గానీ ఏమని దణ్ణం పెట్టుకోవాలో తెలియలేదు.

చాలాసేపు ఏమీ లేదు. తరువాత గొట్టం చివర ఒక చుక్క నిలిచింది. అది పెద్దదై పడింది. దాని వెనక ఇంకొకటి. తరువాత చుక్కలు కలిసి దారంలా సాగాయి.

మునుపటంత ధార లేదు. ఒక చెంబుకు సహస్రం రెండుసార్లు చదవాలి. కానీ పెన్ను ముంచితే అంకె మునుపటిదే. మొదటి చెంబులు వాసన పోయేదాకా పారబోశాను. దర్భ మొదట్లో పోయలేదు, వీధిలో పోశాను. తరువాత వచ్చిన చెంబు చేత్తో పట్టుకుని పటం ముందు నిలబడిపోయాను. సారాలో నానిన పొరలోంచి వచ్చిన నీళ్ళు. వీటితో స్వామికి అభిషేకం చేయవచ్చా? మొదటి నీళ్ళు ఆయనవే అని నేనే మొక్కుకున్నాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఈసారి వేళాకోళం లేదు.

"పాలసముద్రం చిలికితే ఏం వచ్చింది అంబా? వారుణి వచ్చింది. అంటే సారాయే కదా. ఆ తరవాతే అమృతం. మనింట్లోనూ వరస అదే."

పురాణాలు నేను చదువుతాను, ఆయన వినరు అనుకునేదాన్ని.

చెంబు హైమకు ఇచ్చాను. తాగింది. తరువాతి చెంబు స్వామికి. ఆ నీళ్ళు దర్భకు.


జ్యేష్ఠ శుద్ధ అష్టమి

సిస్టర్ ఎస్తేరు పడవ రేవులో కనబడగానే హైమ లోపలికి వెళ్ళింది. చిన్న మూట ఒకటి సర్ది తలుపు పక్కన పెట్టుకుంది. పంపించేస్తే ఏడవకుండా వెళ్ళాలని అనుకుందట, తరువాత చెప్పింది.

సిస్టరమ్మ పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. మళ్ళీ చూసింది. మొన్న వైశాఖంలో కూడా ఇలాగే రెండుసార్లు చూసింది. కాలి మీద నొక్కి బొటనవేలు తీసింది. గుంట మా కళ్ళ ముందే పూడింది.

"ఆ మూట ఎవరిది?" అంది.

"నాదే," అంది హైమ.

"విప్పెయ్. నేనే ఇక్కడికి వస్తాను కాన్పుకి. అష్టమి కాకపోయినా వస్తాను, మీ ఆయన రేవు పడవ పంపిస్తాడుగా భ్రమరాంబగారూ?"

"పంపిస్తారమ్మా," అన్నాను.

ఆమె ఎక్కడికి వెళ్ళినా తన నీళ్ళు తనే తెచ్చుకుంటుంది. ఇవాళ నేనిచ్చిన గ్లాసు తాగి, తన సీసా కూడా మూత తీసి ఇచ్చింది, నింపమని. ఈ మధ్యలో ఏం జరిగిందో హైమే పూసగుచ్చినట్టు చెప్పేసింది, సారాతో సహా. సిస్టరమ్మ పొలమారేలా నవ్వింది. తరువాత నెమ్మదిగా అంది, "మీరు గ్రహణానికి ఆరబెట్టారని నవ్వుతున్నాను గానీ, మా చర్చిలో మొన్న ఈస్టరుకు ఎండ పలకలన్నీ సబ్బుతో తోమి గీతలు పడేశాం."

ఆమె వెళ్ళాక పటం ముందు గుడ్డ విప్పి మెట్టెలు తీశాను. కింద కూర్చుని హైమ కాలివేళ్ళకు తొడిగాను. సులువుగా ఎక్కాయి.


జ్యేష్ఠ పౌర్ణమి

ఒక గ్రహణం వచ్చిన పక్షానికి మరొకటి. ఇవాళ చంద్రగ్రహణం. చంద్రుడు ఉదయిస్తూనే పట్టుతో వస్తాడని పెట్టె చెప్పింది.

ఈసారి ముందే వెళ్ళి అడిగాను. "డ్రమ్ములో, డబ్బాలో దర్భ పరక వేసి, నీళ్ళు తియ్యకుండా అలాగే ఉంచితే పొరకు ఏమైనా అవుతుందా?"

"దర్భ వలన పొరకు హాని లేదు," అంది.

నాకు అంతకంటే ఏం కావాలి?

అభిషేకం నీళ్ళు రోజూ తాగి దర్భ గుబురుగా లేచింది. కుండ కనబడడం లేదు. ఈ పక్షంలో దిబ్బ మీద మరో రెండు ఇళ్ళవాళ్ళు యంత్రాలు కట్టుకున్నారు. పొరలు మునిగిన టౌనులో ఇంకో వీధిలో దొరికాయి. అందరూ మధ్యాహ్నం నుంచే వచ్చి పరకలు అడిగి తీసుకున్నారు. నాంచారయ్య బాబాయ్ కూడా వచ్చాడు.

"నీకెందుకు బాబాయ్, నీకు యంత్రం లేదుగా?"

"నా కుండలకీ వెయ్యాలిగా అమ్మాయ్. నీ పొర నిలబెట్టింది అదే, దానికి దోషం తగలనిస్తానా?"

రెండు పరకలు కోసి ఇచ్చాను. స్వామి క్షమిస్తాడు.

పొద్దు కుంకేసరికి తూర్పున నీళ్ళమీద చంద్రుడు లేచాడు, రాగి చెంబులా, సగం మసకతో. వాకిట్లో మా ఆయన పంపుకు వేసిన గుడ్డ సరిచేస్తున్నారు. డ్రమ్ము మూత కింద పరక ఉంది, పొర డబ్బాలో పరక ఉంది, లోపల నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఏదీ ఒంపలేదు, ఏదీ ఆరలేదు.

లోపలి గదిలో దుప్పట్ల చీకటిలోంచి హైమ పిలిచింది. "అత్తా, దాహంగా ఉంది. విడిచేదాకా ఆగనా?"

ఆగమనడానికి నోరు రాలేదు. ఆగక్కర్లేదు కూడా. గ్లాసులో మంచినీళ్ళు పోసి, ఒక చిన్న పరక తుంచి అందులో వేసి తీసుకెళ్ళాను. చీకట్లో గ్లాసు అందుకుంది. పరక పెదవికి తగిలిందేమో, తాగుతూ నవ్వింది.